ఆ ఇంటి మనిషికి ఫోనివ్వండి

తన ఆపరేషన్ సంగతి ఆమెకి వంటింట్లో, పొయ్యి మీద పాలు కనిపెట్టుకుని ఉండగా తెలిసింది. చెప్పింది డాక్టరు కాదు. చెప్పింది మొగుడే, కానీ ఆమెకి కాదు. ముందుగదిలో అటూ ఇటూ తిరుగుతూ ఫోన్లో ఆమె ఆఫీసు సూపర్‌వైజరుకి చెబుతున్నాడు. ఆ గొంతు గోడలకి ఆగే రకం కాదు కాబట్టి ఆమె చెవిన కూడా పడింది.

"సోమవారం నుంచి ఓ నెలరోజులు రాదండీ మా ఆవిడ. గర్భసంచి తీసేస్తున్నారు. అబ్బే, కంగారేం లేదు, ఈ రోజుల్లో పన్ను పీకించుకున్నంత పని. డాక్టరమ్మతో మాట్లాడేశాను, అంతా ఖాయం చేసేశాను."

పాలు పొంగాయి. పొంగి పొయ్యి మీదికి, పొయ్యి మీంచి గట్టు మీదికి, అక్కణ్ణించి నేల మీదికి కారాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్క చుక్క పొంగనివ్వని మనిషి, అలా చూస్తూ నిలబడిపోయింది.

ఆయన కూరగాయల మార్కెట్లో వేలం పాడతాడు. లారీల్లోంచి దిగిన సరుకుకి ధర పలికించడం ఆయన పని. టమాటా బుట్టల మధ్య నిలబడి నోరెత్తితే మార్కెట్ ఆ చివర ఉల్లిపాయల వాళ్ళకి కూడా వినపడాల్సిందే. అందుకని అక్కడందరూ ఆయన్ని మైకు అని పిలుస్తారు. వీధిలోనూ అదే పేరు స్థిరపడిపోయింది. చెడ్డవాడని ఎవరూ అనరు. తాగడు, చెయ్యెత్తడు, వీధిలో ఎవరికి కష్టమొచ్చినా ముందు పరిగెత్తేది ఆయనే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మైకు నోరూ మంచిదే, ఆయనకి ఊరూ మంచిదే. ఇంట్లో ఇంకో ముగ్గురికి కూడా నోళ్ళున్నాయన్న సంగతే ఆయనకి గుర్తుండదు.

ఆమె ఏం తింటుందో హోటల్లో ఆయనే చెబుతాడు. చుట్టాలు ఎదురుపడి "ఎలా ఉన్నావమ్మా" అని ఆమెని పలకరిస్తే "దానికేం, గుండ్రాయిలా ఉంది" అని ఆయన జవాబిస్తాడు. కూతురు ఒకసారి బళ్ళో కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే వెళ్ళి, "పొద్దున ఏమీ తినలేదండీ, అదే" అని టీచరుకి చెప్పి తీసుకొచ్చేశాడు. ఆ పిల్ల పొద్దున తినే వెళ్ళింది. పెళ్ళయిన కొత్తలో ఇదంతా ఆమెకి ముచ్చటగానే ఉండేది, తన తరఫున మాట్లాడే మనిషి ఒకడున్నాడని. మార్కెట్ వాళ్ళు ఆ జంటకి మైకూ, సైలెంటూ అని పేరు పెడితే ఆమె కూడా నవ్వింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు మీద ఆమెకే ఒళ్ళు మండుతోంది.

ఆరోజు మార్కెట్‌కి సెలవు. అందరూ టీ తాగుతూ బల్ల దగ్గర కూర్చున్నారు.

"నాకు చెప్పలేదేం?" అని అడిగింది.

"చెప్పకపోవడమేమిటి, ఇప్పుడు తెలిసిందిగా. నిన్ననే డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడాను. మందులకి లొంగలేదు కదా, తీసేయడమే మంచిదంది. సోమవారం ఖాళీ ఉందంటే సరేనన్నాను."

"నన్నొక్క మాట అడగాల్సింది."

"అడిగితే నువ్వేమంటావు? ఊఁ అంటావు. ఆ ఊఁ ఏదో నేనే అనేశాను." అని తన మాటకి తనే నవ్వుకున్నాడు.

అత్తగారు టీ గ్లాసులోకి చూస్తూ ఎప్పుడూ అనే మాటే అంది. "తీసేస్తే పీడా పోతుందమ్మాయ్. నాకూ తీసేశారు. నేను చచ్చానా?"

"అదిగో, అమ్మే సాక్ష్యం," అన్నాడు మైకు. "డెబ్భై దాటింది, నీకన్నా నాకన్నా గట్టిగా ఉంది."

కాలేజీకి తయారై కూర్చున్న కూతురు తల్లి మొహం వంక చూసి, "అమ్మకి ఇష్టమో లేదో కనుక్కోవా నాన్నా?" అంది. బస్సుకి టైమైంది, పెద్దవాళ్ళ విషయాలు నీకెందుకని దాన్ని పంపించేశాడు. ఆమె నేల మీది పాలు తుడిచి, బట్ట పిండి, ఆఫీసుకి బయల్దేరింది.

పోయిన ఎండాకాలం నుంచీ ఆమె ఒంట్లో నెత్తురు నిలవడం లేదు. నెలలో సగం రోజులు దాంతోనే గడుస్తున్నాయి. లేత రంగు బట్టలు కట్టుకోవడం మానేసింది. అందరికంటే ముందు లేచి దుప్పటి ఉతికి ఆరేసి, ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వెళుతుంది. ఆఫీసులో కుర్చీ మీద తుండుగుడ్డ మడిచి వేసుకుని కూర్చుంటుంది. మెట్లెక్కుతుంటే సగంలో గుండె దడదడలాడిపోయి ఆగాల్సొస్తుంది. ఊరికే నిలబడితే ఎవరైనా ఏమైందని అడుగుతారని, గోడ మీదున్న నోటీసు చదువుతున్నట్టు నటిస్తుంది. ఆ నోటీసు ఆమెకి కంఠతా వచ్చేసింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళకపోలేదు. వెళ్ళారు, ఇద్దరూ. ఆడ డాక్టరే కదా, నాలుగు మాటలు చెప్పుకోవచ్చని ఆమె ధైర్యంగానే వెళ్ళింది. కానీ డాక్టరమ్మ అడగడం, మైకు అందుకోవడం. నెలసరి సరిగ్గా వస్తోందా అంటే టంచనుగా వస్తుందండీ అన్నాడు. ఎన్ని రోజులుంటుందంటే నాలుగో, అయిదో, కాకపోతే కాస్త ఎక్కువ పోతుంది అన్నాడు. నొప్పి ఉంటుందా అంటే ఆమె వైపు ముద్దుగా చూసి, సుకుమారం కదండీ, చీమ కుట్టినా ఓర్చుకోలేదు అన్నాడు. ఆ గదిలో తన నెలసరి గురించి ఒక మగాడు ఒక ఆడ డాక్టరుకి అలా ధారాళంగా చెబుతుంటే, ఆమె సిగ్గుతో చచ్చిపోయి గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చుంది. బయట బోలెడంత మంది ఎదురుచూస్తున్నారు. ఎవరు త్వరగా జవాబిస్తే వాళ్ళ మాటే రాసుకుంది డాక్టరమ్మ.

స్కాన్ తీయించి, చిన్న గడ్డ ఉంది, భయం లేదు, మందు రాస్తున్నానంది. మైకు ఆమెని బయట బెంచీ మీద కూర్చోబెట్టి తనే మందుల షాపుకి వెళ్ళి ఎర్ర టానిక్ సీసా తెచ్చాడు. అది అయిపోతే మళ్ళీ తెచ్చాడు. మూడు నెలల తరవాత వెళ్ళినప్పుడు డాక్టరమ్మ మందు వాడారా అని అడిగితే, ఒక్కరోజు తప్పలేదండీ అని మైకు చెప్పాడు, ఆమె తలూపింది. గుణం కనిపించిందా అంటే, ఏమీ లేదండీ అన్నాడు. దానికీ ఆమె తలూపింది. ఆమె చేసిన తప్పేదైనా ఉంటే ఆ తలూపడమే.

ఆమె పనిచేసేది నీటి సరఫరా ఆఫీసులో, ఫిర్యాదుల ఫోన్ దగ్గర. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం పైపులు పగిలాయనీ, కుళాయిలు రావడం లేదనీ చెబుతుంటారు. ఎప్పటినుంచి, ధారగానా చుక్కలుగానా, రంగు మారిందా, ఇంట్లో అన్నిచోట్లా ఉందా ఒక్కచోటేనా అని ఆమె ఓపిగ్గా అడిగి మనుషుల్ని పంపిస్తుంది. అందరూ కంప్లైంట్ల మేడం అంటారు. అక్కడ ఆమె సైలెంటు కాదు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆమె మెట్లెక్కి కుర్చీ చేరేలోపు కబురు ఆఫీసంతా చేరిపోయింది. మీవారు చాలా మంచివారు, అన్నీ ఆయనే చూసుకుంటున్నారు, మీరు నిశ్చింతగా ఉండండి అన్నాడు సూపర్‌వైజరు. పక్క కుర్చీ గుమాస్తా ఇంకో అడుగు ముందుకేసి, తన వదినకీ తీసేశారనీ, ఆరు నెలల్లో బస్తాలు మోసిందనీ చెప్పాడు. టీ ఇచ్చే మనిషి కూడా జాలిగా చూసి చక్కెర ఎక్కువేశాడు. తన పొట్టలో ఉన్నది ఉంచాలో తీయాలో తనకి తప్ప ఆ బిల్డింగులో ప్రతి మగాడికీ తెలుసు. ఆమెకి చెవులు వేడెక్కిపోయాయి.

ఫోన్ మోగింది. ఎవరో పెద్దమనిషి. మరదలింట్లో నీళ్ళు కారుతున్నాయట, వెంటనే మనుషుల్ని పంపమన్నాడు.

"ఎప్పటినుంచండీ?"

"నిన్నో, మొన్నో."

"ధారగానా, చుక్కలుగానా?"

"అదేదో కారుతోందండీ. ఇవన్నీ ఎందుకు? పైపు పాతబడిపోయింది, మొత్తం పీకేసి కొత్తది వేయమనండి."

ఇలాంటి ఫోన్లకి ఆ ఆఫీసులో ఒక నియమం ఉంది. ఒకసారి ఎవరో బావమరిది ఫోన్ చేసి గుర్తులు తప్పు చెబితే, పనివాళ్ళు వెళ్ళి పక్కింటి పెరడంతా తవ్విపోశారు. పూలమొక్కలన్నీ పోయిన ఆ ఇల్లాలు ఆఫీసుకొచ్చి పెట్టిన శాపనార్థాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పట్నుంచీ నీళ్ళు ఎవరింట్లో కారుతున్నాయో వాళ్ళు మాట్లాడితేనే ఫిర్యాదు తీసుకుంటారు. తండ్రైనా, తోడబుట్టినవాడైనా, ఎంత పెద్దమనిషైనా సరే. ఈ నియమం పెట్టించింది ఎవరో కాదు, ఆమే.

"ఆ ఇంటి మనిషికి ఫోనివ్వండి," అంది.

ఆయన గొణుక్కుంటూ ఇచ్చాడు. ఒక ఆడగొంతు మెల్లిగా పలికింది. పదిహేను రోజులుగా కారుతోందట. పైపు బాగానే ఉందట, మీటరు దగ్గర వాషరు అరిగిపోయిందట. చేత్తో తడిమి చూశానండీ, అక్కడే చల్లగా తగులుతోంది, పైపు పీకక్కర్లేదు, ఒక్క వాషరు మారిస్తే చాలు అంది. మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం అని అడిగితే, "నన్నెవరూ అడగలేదండీ" అంది.

ఆమె ఫిర్యాదు రాసుకుంది. ఫోన్ పెట్టేసింది. మళ్ళీ మోగింది, కానీ ఎత్తలేదు. తుండుగుడ్డ మడిచి సంచీలో పెట్టుకుని, పూట సెలవు కావాలని సూపర్‌వైజరుతో చెప్పి, తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్ళింది. దారి పొడుగునా ఆటోలో ఒక్కతే కూర్చుని, మనసులో మొగుణ్ణి పుట్టినప్పట్నుంచి ఈ రోజు వరకూ తిట్టుకుంటూ వెళ్ళింది. అది ఎంత హాయిగా ఉందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

చీటీలు రాసే అమ్మాయి, మీవారు బండి పెట్టి వస్తున్నారా అని అడిగింది. లోపల డాక్టరమ్మ కూడా ఆమెని చూసి, ఆమె వెనకున్న తలుపు వైపు చూసింది.

"ఆయన రాలేదా?"

"ఆయనకేం, బాగానే ఉన్నారు. జబ్బు నాకు."

డాక్టరమ్మ చేతిలో పెన్ను కింద పెట్టి, చెప్పండమ్మా అంది. ఆమె చెప్పింది. దుప్పట్ల గురించి, తుండుగుడ్డ గురించి, మెట్ల గురించి, నోటీసు గురించి. నాలుగైదు రోజులు కాదండీ, పది, ఒక్కోసారి పన్నెండు అంది. మొదట సిగ్గుపడుతూ మొదలుపెట్టిన గొంతు పోనుపోను ఆఫీసు గొంతులోకి వచ్చేసింది. డాక్టరమ్మ ఆమె కింది కనురెప్ప లాగి చూసింది, గోళ్ళు చూసింది, నెత్తురు పరీక్ష చేయించి ఆ కాగితం చూసి పెదవి కొరుక్కుంది. ఇంత తక్కువ రక్తంతో రోజూ మెట్లెలా ఎక్కుతున్నారమ్మా, ఇలాంటప్పుడు ఆపరేషనే ప్రమాదం అంది.

"కానీ నేనిచ్చిన మాత్రలకి కాస్తైనా తగ్గాల్సింది."

"మాత్రలేమిటండీ?"

డాక్టరమ్మ సొరుగులోంచి చిన్న అట్ట తీసి చూపించింది. నెత్తురు పోవడాన్ని అదుపు చేసే మాత్రలు, రోజుకొకటి. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇవి నేనెప్పుడూ చూడలేదండీ, నాకిచ్చింది ఎర్ర టానిక్ అంది.

ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆమె ఆ మందు మింగనే లేదు. మింగని మందు పనిచేయలేదని చెప్పి, ఆమె కడుపు కోయడానికి ముహూర్తం పెట్టేశారు.

"మీరు ఇన్నిసార్లు ఎదురుగా కూర్చున్నారు," అంది డాక్టరమ్మ చివరికి. "ఒక్కసారి మీ మొహం చూసి అడిగి ఉంటే తెలిసేది. ఇందులో తప్పు నాది కూడా ఉందమ్మా."

"అవునండీ. మీది కూడా ఉంది," అంది ఆమె. జన్మలో ఒక డాక్టరుతో అలా మాట్లాడతానని ఆమె అనుకోలేదు. డాక్టరమ్మ తలూపింది, ఈసారి తలూపే వంతు ఆవిడది. ముందు ఆ మాత్రలు వాడదాం, రక్తం పెంచుకుందాం, కొన్నాళ్ళాగి మళ్ళీ చూద్దాం అంది. అసలు తీయాల్సిన అవసరమే రాకపోవచ్చు, వస్తే ఆ మాట మీతోనే చెబుతాను, మీరు సరేనంటేనే తీస్తాను అంది. సంచి తీసేస్తే ఏమవుతుంది, ఉంచితే ఏమవుతుందని ఆమె అడిగింది. ఇన్నాళ్ళకి ఎవరో ఒకరు ఆమెకి అది కూర్చోబెట్టి చెప్పారు. బయటికొచ్చి మందుల షాపులో ఆ మాత్రలు తనే అడిగి తీసుకుంది, పక్కనున్నవాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. ముందుగదిలో ఆమె మంచం వేసి ఉంది. లోపలి గదిలోంచి మనుషుల్ని పెట్టి బయటికి జరిపించాడు మైకు, ఆపరేషన్ తరవాత వచ్చేపోయేవాళ్ళకి వీలుగా ఉంటుందని. కొత్త దిండు, కొత్త దుప్పటి. దుప్పటి తెల్లది. బల్ల మీద బుట్టెడు పళ్ళు. వరసకి చెల్లెలైన చిన్నాన్న కూతురికి ఫోన్ చేశాననీ, ఆదివారమే వచ్చి వంటపని చూసుకుంటుందనీ మురిసిపోతూ చెప్పాడు. అత్తగారు ఓ మూల కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. కూతురు కాలేజీ నుంచి వచ్చి లోపల చదువుకుంటోంది.

ఆ తెల్ల దుప్పటి చూసేసరికి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"సోమవారం ఆపరేషన్ లేదు," అంది.

"లేకపోవడమేమిటి? డాక్టరమ్మ నాతో ఏమీ చెప్పలేదే."

"మీతో ఎందుకు చెప్పాలి?"

మైకు నవ్వి తల్లి వైపు తిరిగాడు. "భయపడుతోందమ్మా. మామూలే, సుకుమారం కదా."

"నేనిక్కడే ఉన్నాను. నా గురించి ఆవిడతో కాదు, నాతో మాట్లాడండి," అని ఆమె సంచీలోంచి మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టింది. "ఇవి గుర్తున్నాయా?"

మైకు నోరు తెరిచాడు. మార్కెట్టు ఆ చివరిదాకా వినపడే ఆ నోట్లోంచి ఈ చివర కూడా ఏమీ వినపడలేదు. కాసేపటికి నసుగుతూ చెప్పుకొచ్చాడు. మందుల షాపువాడు అట్ట చేతికిస్తూ, ఇవి పిల్లలు పుట్టకుండా వేసుకునే బిళ్ళలే కదండీ అన్నాడట. వెనక మార్కెట్ వాళ్ళు ఇద్దరు నిలబడి ఉన్నారట. ఏం మైకూ, ఈ వయసులో కూడానా అని నవ్వారట. డాక్టరమ్మే పొరపాటున రాసుంటుందిలే అనుకుని, వెనక్కిచ్చేసి, బలానికి ఏదైనా మంచి టానిక్ ఇమ్మన్నాడట.

"మరి డాక్టరు అడిగినప్పుడు ఒక్కరోజు తప్పలేదన్నారు."

"టానిక్ తప్పలేదుగా," అన్నాడు. అన్నాక ఆ మాట ఎలా ఉందో ఆయనకే తెలిసినట్టుంది, తల దించుకున్నాడు.

"ఇద్దరు నవ్వారని నా మందు వెనక్కిచ్చేశారు," అంది ఆమె. గొంతు పెంచలేదు, కానీ లోపలి గదిలో పుస్తకం మూసిన చప్పుడైంది. "వాళ్ళు నవ్వి, అక్కడే మర్చిపోయి ఇళ్ళకి పోయుంటారు. ఆ రోజు నుంచి నేను ఎన్ని దుప్పట్లు ఉతికానో తెలుసా మీకు? అందరికన్నా ముందు ఎందుకు లేస్తానో ఎప్పుడైనా అడిగారా? ఆఫీసులో కుర్చీలోంచి లేస్తే వెనక్కి తిరిగి చూసుకోకుండా అడుగేసిన రోజు లేదు. ఇవేవీ మీకు తెలియవు. తెలియకపోవడం తప్పు కాదండీ. తెలియకుండానే నా బదులు జవాబు చెప్పారు చూడండి, అది తప్పు. చివరికి నన్ను కోయించడానికి కూడా మీరే సరేననేశారు. మార్కెట్లో వంకాయల బుట్టకైనా పాట పాడేముందు మూత తీసి చూస్తారు కదా. నన్ను ఆ మాత్రం కూడా చూడలేదు."

"నీ మంచికేగా," అన్నాడు మైకు. ఆయన గొంతులోకి కూడా కోపం వచ్చింది, తప్పు దొరికిపోయినవాడి కోపం. "నీ మీద ప్రేమ లేకపోతే ఇవన్నీ ఎందుకు చేస్తాను? పళ్ళు, దుప్పటి, చెల్లెల్ని పిలవడం, ఇదంతా ఎవరి కోసం? అడగలేదు, అడగలేదు అంటావు. మా నాన్న మా అమ్మనేమైనా అడిగాడా? తీయించేశాడు. ఏమైంది? ఎంత హాయిగా ఉందో చూడు."

"నన్ను చూపించకురా," అంది అత్తగారు.

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది. ముగ్గురూ అటు తిరిగారు. ముగ్గురంటే కూతురు కూడా, ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది.

"నీకప్పుడు నాలుగేళ్ళు," అంది ఆవిడ కొడుకుతో. "కడుపునొప్పని వెళ్ళాను. మీ నాన్నా, డాక్టరూ వరండాలో నిలబడి మాట్లాడుకున్నారు. నాకు మత్తిచ్చారు. లేచాక, గడ్డ తీసేశారే, ఇంక నొప్పి రాదన్నాడు మీ నాన్న. నిజంగానే రాలేదు. నెలసరీ రాలేదు. నేను నీళ్ళోసుకున్నాననుకున్నాను."

మైకు ఏదో అనబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"నీ చిన్నప్పటి చొక్కాలు తీసి ఉతికి, మడిచి పెట్టుకున్నానురా. ఈసారి ఆడపిల్ల అయితే బాగుండునని ఉండేది నాకు. మీ నాన్న ఎదురుగా కూర్చుని నేను చొక్కాలు మడవడం చూస్తూనే ఉన్నాడు. రోజూ చూశాడు. ఒక్క మాట చెప్పలేదు. పొట్ట పెరగడం లేదేమిటని చివరికి నర్సు దగ్గరికెళితే, సంచి తీసేశాక కడుపెలా వస్తుందమ్మా అంది. నేను నవ్వేశాను ఆవిడ ముందు. నాకు తెలుసులే, ఊరికే అడిగానన్నాను, పరువు పోతుందని. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్పను?"

"అమ్మా, నువ్వెప్పుడూ అంటావుగా, తీసేస్తే చచ్చానా అని," అన్నాడు మైకు. ఆ గొంతు ఆయనది కానట్టుంది.

"అది మీ నాన్న మాటరా. వచ్చినవాళ్ళందరితో, దీనికి తీయించేశాను, చచ్చిందా అని ఆయన చెబుతుండేవాడు. విని విని అదే నా నోటికి వచ్చేసింది. నా మాటేమిటో నన్నెవరూ అడగలేదు. ఇన్నేళ్ళలో నువ్వూ అడగలేదు." అని కోడలి వైపు చూసింది. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "పొద్దున నీతో కూడా ఆయన మాటే అన్నాను. తప్పమ్మాయ్. నువ్వు చేసిందే సరైన పని."

పొద్దున ఆ మాట విన్నప్పుడు ఆమెకి అత్తగారి మీద కూడా పీకలదాకా కోపం వచ్చింది. ఇప్పుడు వెళ్ళి ఆవిడ పక్కన నేల మీద కూర్చుని, ఆ ముడతలు పడ్డ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇన్నేళ్ళు ఒకే వంటింట్లో భుజాలు రాసుకు తిరిగారు. ఈ సంగతి తనూ ఎప్పుడూ అడగలేదు. అది గుర్తొచ్చి ఆమెకి ఏడుపొచ్చింది. కూతురు వచ్చి నానమ్మకి రెండో వైపు కూర్చుంది.

మైకు మంచం అంచున కూలబడ్డాడు. కూర్చున్నది కొత్త తెల్ల దుప్పటి మీదని చూసుకుని మళ్ళీ లేచాడు. తల్లి దగ్గరికి రెండడుగులు వేసి, ఏమనాలో తెలియక అక్కడే ఆగిపోయాడు. అంతకుముందెన్నడూ ఆయనకి ఆ పరిస్థితి రాలేదు. చివరికి అలవాటు కొద్దీ జేబులోంచి ఫోన్ తీశాడు.

"మీ సూపర్‌వైజరుకి," అని ఆగాడు. నంబరు మీదున్న వేలు వెనక్కి తీశాడు. "నువ్వే చెబుతావా?"

"నేనే చెప్పుకుంటాను. మీ చెల్లెలికి మాత్రం మీరే చెప్పండి. ఆ మంచం కూడా మీరే లోపలికి చేర్చండి, మళ్ళీ మనుషుల్ని పిలవకుండా."

మంచం బరువైనదే. ఒక్కడే ఈడ్చుకుంటూ, గుమ్మంలో ఇరికించుకుని, తిప్పి, మళ్ళీ ఇరికించుకుని, చివరికి లోపలికి చేర్చాడు. ఎవరూ సాయం వెళ్ళలేదు. ఆయనా పిలవలేదు. తెల్ల దుప్పటి తీసేసి, రోజూ వేసే ముదురు రంగు దుప్పటి వెతికి పరిచాడు. బయటికొచ్చి, చెమట తుడుచుకుని, ముగ్గురు ఆడవాళ్ళకి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. తల్లి వైపు చూసి రెండు చేతులూ జోడించాడు. తరవాత భార్య వైపు తిరిగాడు.

"ఎప్పటినుంచి?" అని అడిగాడు.

రోజూ ఫోన్లో ఊరందరినీ ఆమె అడిగే మొదటి ప్రశ్న అది. ఆమెని ఎవరైనా అడగడం, అందులోనూ ఈ మనిషి అడగడం ఇదే మొదలు. దాంతో ఆమె కోపం పోలేదు. ఒక్క ప్రశ్నకి పోయే కోపం కాదది, ఇంకా చాలాకాలం ఉంటుంది, ఉండాలి కూడా. కానీ అడిగినవాడికి చెప్పాలి. నీళ్ళు కారే ఇంటి మనిషి చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

"పోయిన ఎండాకాలం నుంచి," అని మొదలుపెట్టింది.

"అంటే మనం మార్కెట్ వాళ్ళింట్లో పెళ్ళికి వెళ్ళొచ్చాక," అని అందుకోబోయాడు మైకు. ఆమె చూసిన చూపుకి నోరు మూసుకుని, మళ్ళీ తెరవలేదు.

అత్తగారు చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి నెట్టి, కోడలి వైపు జరిగింది.

"కాస్త గట్టిగా చెప్పమ్మాయ్," అంది. "నేనూ వింటాను."